అడవిని నిలిపే చిన్న రైతుకు కార్బన్ క్రెడిట్ సొమ్ము: తొలి సమావేశం నుంచి చేతికి డబ్బు అందేదాకా

ఊళ్లోకి ఒక వాహనం వస్తుంది. దిగినవాళ్లు రంగుల కరపత్రాలు పంచుతారు. చెట్లు కొట్టకుండా ఉంటే, లేదా పొలం గట్ల మీద మొక్కలు నాటితే ఏటా డబ్బు వస్తుందని చెబుతారు. సంతకం కోసం కాగితం కూడా వెంటే తెచ్చుకుంటారు. ఆ కాగితానికీ మీ సంతకానికీ మధ్య కొంత వ్యవధి ఉండాలి. ఆ వ్యవధిలో ఏం చేయాలో, సంతకం తర్వాత వచ్చే చాలా ఏళ్లలో ఏం చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. చిన్న కమతాల రైతులకూ, వాళ్ల తరఫున లెక్కలు చూసిపెట్టే సంఘాల కార్యకర్తలకూ ఇది ఉపయోగపడాలి. ఈ రంగంలో మోసగాళ్లు ఉన్న మాట నిజమే. అయితే నిజాయతీగా నడిచే ప్రాజెక్టులోనూ రైతు నష్టపోయే చోట్లు ఉన్నాయి. నాకు ఎక్కువ పట్టింపు వాటి మీదే.

ముందుగా: మీరు అమ్ముతున్నది ఏమిటి

ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలో చేరకుండా ఆపారనో, గాలిలోంచి తీసి కలపలో, నేలలో నిలవ చేశారనో స్వతంత్ర తనిఖీ తర్వాత ఇచ్చే గుర్తింపే ఒక కార్బన్ క్రెడిట్. ఎక్కడో ఉన్న కంపెనీ దాన్ని కొని తన కాలుష్యానికి ఎదురు లెక్కగా చూపించుకుంటుంది. అలా వాడుకున్నాక, క్రెడిట్ల లెక్క రాసి ఉంచే చిట్టాలో, అంటే రిజిస్ట్రీలో, ఆ క్రెడిట్‌ను రద్దు చేస్తారు. ఇక దాన్ని మరొకరికి అమ్మడానికి వీల్లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. మీ అడవిలో ఎంత కార్బన్ ఉందో దాన్ని బట్టి క్రెడిట్లు రావు. ప్రాజెక్టు లేకపోతే ఆ అడవి ఏమై ఉండేదో ముందు ఒక అంచనా వేస్తారు. దాన్ని బేస్‌లైన్ అంటారు. ఉదాహరణకు హెక్టారు అడవిలో 400 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వ ఉందనుకుందాం. ప్రాజెక్టు లేకపోతే ఏటా 2 శాతం, అంటే 8 టన్నులు పోయేవని అంచనా. కాపలా పెట్టాక పోయింది అర శాతమే, అంటే 2 టన్నులు. క్రెడిట్లకు ఆధారం మధ్యలోని 6 టన్నుల తేడా మాత్రమే. 400కు ఎవరూ డబ్బు కట్టరు.

దీనికి ఒక చేదు పర్యవసానం ఉంది. తరతరాలుగా గొడ్డలి తగలనివ్వని అడవికి ఈ లెక్కలో విలువ తక్కువ. నిన్నటిదాకా నరికి ఈ రోజు ఆపిన అడవికి విలువ ఎక్కువ. ఇది అన్యాయమని మీకు అనిపిస్తే నేను కాదనను. కానీ ఈ మార్కెట్ అడిగేది ఒకటే: మీ వల్ల వచ్చిన మార్పు ఎంత? సమావేశంలో ‘మా అడవికి ముప్పు ఏమీ లేదు’ అని గర్వంగా చెబితే, అడవిని కాపాడే రకం ప్రాజెక్టుకు మీరు సరిపోరని వాళ్లు రాసుకుంటారు. అలాగని లేని ముప్పును కల్పించి చెప్పకండి. తర్వాత ఉపగ్రహ చిత్రాలు ఆ మాటను పట్టిస్తాయి.

బేస్‌లైన్ అంచనా కాబట్టి దాన్ని పెంచి చూపడం తేలిక. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆరు దేశాల్లోని 26 అటవీ ప్రాజెక్టులను పరిశీలించింది. వాటిలో ఎక్కువ భాగం అడవుల నరికివేతను చెప్పుకోదగినంతగా తగ్గించలేదని తేల్చింది. ఆ ఏడాది నుంచి కొనుగోలుదారులు జాగ్రత్తపడ్డారు, లెక్కింపు పద్ధతులూ బిగిశాయి. మీకు దీనితో ఏం పని అంటే, ఉబ్బించిన బేస్‌లైన్ మీద కట్టిన ఆదాయం కొన్నాళ్లకు కుప్పకూలుతుంది. అప్పటికి మీరు పాతికేళ్ల ఒప్పందంలో ఉంటారు.

మొదటి మెట్టు: నేల, చెట్టు, కార్బన్ ఎవరివి

నేల మీద హక్కు, చెట్టు మీద హక్కు, ఆ చెట్టులో నిలవైన కార్బన్ మీద హక్కు ఒకటే కానక్కర్లేదు. కొన్ని దేశాల్లో నేల రైతుదే అయినా సహజంగా మొలిచిన చెట్లు ప్రభుత్వానివి. కార్బన్ హక్కు గురించి చట్టంలో ఒక్క ముక్క కూడా లేని దేశాలూ ఉన్నాయి. అందుకే ముందుగా మీ చేతిలో ఏ పత్రం ఉందో, అందులో ఏమని రాసి ఉందో చూడండి. కౌలు భూమి అయితే యజమాని రాతపూర్వక అంగీకారం లేకుండా అడుగు వేయకండి. సామూహిక అడవి అయితే ఒక పెద్దమనిషి సంతకం చాలదు. ఊరి సభ తీర్మానం, హాజరైనవారి పేర్లు, తేదీ ఉండాలి.

ఇంటి విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మొక్కకు నీళ్లు పోసేది ఇల్లాలు, ఒప్పందంలో పేరు భర్తది, డబ్బు చేరేది అతని ఖాతాకు. ఇది ఎన్నో చోట్ల కనిపించే ఏర్పాటే. రేపు అతను మరణించినా, వేరుపడినా ఆమెకు ఏ హక్కూ మిగలదు. ఇద్దరి పేర్లూ రాయించండి. సంస్థవారు ‘మా ఫారంలో ఒక్క గడే ఉంది’ అంటే ఫారం మార్చమనండి.

తర్వాత కొలత. సరిహద్దు వెంట నడుస్తూ జీపీఎస్ ఉన్న ఫోనుతో ప్రతి మూలా గుర్తించాలి. పక్క పొలాలవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఆ రోజు వాళ్లు ‘అవును, గట్టు ఇదే’ అన్న మాట తర్వాత వచ్చే తగాదాలను చాలావరకు తప్పిస్తుంది.

రెండో మెట్టు: మీకు ఏ రకం సరిపోతుంది

చిన్న రైతులకు అందుబాటులో ఉండేవి ప్రధానంగా రెండు. ఒకటి, ఉన్న అడవిని నరకకుండా కాపాడటం. దీన్ని రెడ్ ప్లస్ అని పిలుస్తారు. రెండోది, పంటల మధ్య, గట్ల మీద, బీడు నేలలో చెట్లు పెంచడం. మడ అడవులను కాపాడటం, అడవి నిర్వహణ మెరుగుపరచడం, నేలలో కార్బన్ పెంచడం లాంటివీ ఉన్నాయి కానీ వాటికి ప్రత్యేక పరిస్థితులు కావాలి. కెన్యాలో గాజీ తీరాన మికోకో పమోజా ప్రాజెక్టు 117 హెక్టార్ల మడ అడవితో నడుస్తోంది. విస్తీర్ణం చిన్నది, సముదాయం ఒకటే, ఆదాయం ఊరి నీళ్లకు, బడికి వెళుతుంది. ఇంత చిన్న ప్రాజెక్టు నిలబడటానికి అలాంటి బిగువైన సముదాయం ఉండాలి.

కాపాడే రకంలో డబ్బు సాధారణంగా సముదాయానికి వస్తుంది, పెంచే రకంలో కుటుంబానికి వస్తుంది. సొంత భూమి అర హెక్టారు ఉండి, పక్కన ఊరి అడవి ఉంటే మీరు రెండింటిలోనూ ఉండవచ్చు. కానీ ఒకే నేలను రెండు ప్రాజెక్టుల్లో చూపకూడదు. అది రెండుసార్లు లెక్కించడం అవుతుంది. బయటపడితే రెండూ పోతాయి.

మూడో మెట్టు: వాళ్లకంటే ముందు మీరే లెక్క వేయండి

ఒక్క చెట్టుతో మొదలుపెడదాం. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టితే 94 సెంటీమీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే వ్యాసం 30 సెంటీమీటర్లు. ఎత్తు 15 మీటర్లు, కలప మధ్యరకం సాంద్రతది. ఉష్ణమండల చెట్లకు శాస్త్రవేత్తలు విరివిగా వాడే సూత్రంలో ఈ అంకెలు పెడితే నేలపై ఉన్న ఎండు బరువు దాదాపు 440 కిలోలు. అందులో సుమారు 47 శాతం కార్బన్, అంటే 206 కిలోలు. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 3.67తో గుణించాలి. 757 కిలోలు వచ్చింది. వేళ్లలో ఉన్నదానికి మరో పాతిక శాతం కలిపినా 950 కిలోలు దాటదు.

అంటే ఒక మనిషి కౌగిలికి సరిపడేంత పెద్ద చెట్టు, ఎన్నో ఏళ్లు పెరిగి, ఒక్క క్రెడిట్ కూడా పూర్తిగా ఇవ్వలేదు. కరపత్రంలో ‘చెట్టుకు ఇంత’ అని రాసిన అంకెను ఈ కొలతతో సరిచూసుకోండి.

ఇప్పుడు పొలం. అర హెక్టారులో నాటిన చెట్లు స్థిరపడ్డాక హెక్టారుకు ఏటా 8 టన్నుల చొప్పున నిలవ చేస్తాయనుకుందాం. మీ అర హెక్టారుకు 4. అగ్ని, కరువు లాంటి ప్రమాదాలకు ఎదురుగా కొన్ని క్రెడిట్లను అమ్మకుండా బఫర్ నిధిలో పెడతారు. అది 20 శాతం అనుకుంటే 3.2 మిగులుతాయి. అందులో రైతు వాటా 60 శాతమైతే 1.92. అంటే ఏడాదికి రెండు క్రెడిట్ల ధర కూడా మీ చేతికి రాదు. ఆ 60 శాతం అమ్మకం మొత్తంలోనా, ఖర్చులు పోగా మిగిలినదానిలోనా అన్నది మరో ప్రశ్న. ఖర్చుల కింద ముందే 40 శాతం తీసేస్తే 1.92 కాస్తా 1.15 అవుతుంది. ‘అరవై శాతం రైతుకే’ అన్న అదే మాటకు ఇంత తేడా.

పైగా మొక్కలు మొదటి రెండు మూడేళ్లు దాదాపు ఏమీ నిలవ చేయవు. పెరుగుదల తర్వాతే ఊపందుకుంటుంది. మీ శ్రమ మాత్రం మొదటి ఏడాదే ఎక్కువ: గుంతలు, నీళ్లు, కంచె, చనిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి. అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. కార్బన్ సొమ్ము కోసమే చెట్లు నాటకండి. పండు, కలప, మేత, నీడ, గాలికి అడ్డు, వీటిలో ఏదో ఒక లాభం కోసం ఎలాగూ నాటాలనుకున్న చెట్టుకు కార్బన్ సొమ్మును పైన వచ్చే కొసరుగా చూడండి. అసలు లాభం లేని చెట్టు పెట్టి క్రెడిట్ కోసం ఎదురుచూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

అలాగని చిన్న మొత్తం పనికిరాదనీ కాదు. యుగాండాలో 121 ఊళ్లలో రెండేళ్లపాటు ఒక ప్రయోగం జరిగింది. సగం ఊళ్లలో అడవి ఉన్న రైతులకు చెట్లు కొట్టకపోతే హెక్టారుకు ఏటా 70,000 యుగాండా షిల్లింగులు, అప్పటి మారకంలో దాదాపు 28 డాలర్లు ఇస్తామన్నారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం డబ్బు ఇచ్చిన ఊళ్లలో చెట్ల విస్తీర్ణం 4.2 శాతం తగ్గింది, ఇవ్వని ఊళ్లలో 9.1 శాతం. అది క్రెడిట్ల అమ్మకం కాదు, నేరుగా ఇచ్చిన సొమ్ము. అర్హుల్లో చేరినవారు మూడోవంతే. అయినా షరతు సూటిగా ఉండి, చెల్లింపు ఏటా అందితే కొద్దిపాటి సొమ్ము కూడా పనిచేస్తుందని అది చూపించింది.

నాలుగో మెట్టు: ఒంటరిగా వెళ్లకండి

తనిఖీ సంస్థ ఒకసారి వచ్చి వెళ్లడానికయ్యే ఖర్చు అర హెక్టారుకైనా, అయిదువేల హెక్టార్లకైనా పెద్దగా మారదు. అందుకే చిన్న రైతు ఒంటరిగా క్రెడిట్లు పొందలేడు. వందలు, వేల కమతాలను ఒక ప్రాజెక్టుగా కలపాలి. టాంజానియాలో 1999లో మొదలై తర్వాత కెన్యా, యుగాండా, భారత్‌లకు పాకిన టిస్ట్ కార్యక్రమం ఆరు నుంచి పన్నెండు మంది రైతుల చిన్న గుంపులుగా నడుస్తుంది. బతికున్న ప్రతి చెట్టుకూ ఏటా కొద్దిపాటి ముందస్తు సొమ్ము, క్రెడిట్ల అమ్మకంలో వచ్చిన లాభంలో 70 శాతం రైతులకు అన్నది దాని పద్ధతి.

గుంపు చిన్నదైతే ఒకరి చెట్లు మరొకరికి తెలుస్తాయి. ఎవరి మొక్కలు ఎండిపోయాయో దాచలేరు. పెద్ద సంఘమైతే సంస్థతో బేరం ఆడే బలం వస్తుంది. నా సలహా రెండూ కావాలనే: పనికి చిన్న గుంపు, బేరానికి వాటి సమాఖ్య. సమాఖ్యలో లెక్కలు రాసేవారూ, ఖాతా నడిపేవారూ ఒకే కుటుంబంవారు కాకుండా చూసుకోండి.

అయిదో మెట్టు: వచ్చిన సంస్థ ఎవరో తెలుసుకోండి

క్రెడిట్ల లెక్కింపుకు నియమాలు పెట్టి వాటిని జారీ చేసేవి ప్రమాణ సంస్థలు. వెరా, గోల్డ్ స్టాండర్డ్, ప్లాన్ వివో లాంటి ఈ సంస్థల రిజిస్ట్రీలు ఎవరైనా చూడవచ్చు. ప్రాజెక్టు పేరు, సంఖ్య, పటం, తనిఖీ నివేదికలు, ఎన్ని క్రెడిట్లు జారీ అయ్యాయి, ఎన్ని రద్దయ్యాయి, అన్నీ అక్కడ ఉంటాయి. సంస్థ చెప్పిన ప్రాజెక్టు సంఖ్యను చదువుకున్న పిల్లల చేత వెతికించండి. ఇంకా నమోదు కాలేదంటే అది తప్పేమీ కాదు. కానీ నమోదు కాకముందే ఫలానా ఏడాది ఇంత డబ్బు అని మాటిస్తే ఆలు లేదు చూలు లేదు అన్న సామెతే గుర్తుకొస్తుంది.

ఏ ప్రమాణం అన్నది కూడా రైతుకు ముఖ్యమే. ప్లాన్ వివో చిన్న రైతుల కోసమే పుట్టింది. దాని మూలం మెక్సికోలోని చియాపాస్‌లో 1990ల చివర్లో మొదలైన స్కోలెల్ తె ప్రాజెక్టు. క్రెడిట్ల అమ్మకపు రాబడిలో కనీసం 60 శాతం స్థానికులకు చేరాలని దాని నియమం. కొన్ని ఇతర ప్రమాణాల్లో లెక్కింపు కఠినంగా ఉన్నా వాటా సంగతి ఒప్పందానికే వదిలేస్తారు. అప్పుడు ఆ వాటా మీరే బేరమాడి రాయించుకోవాలి.

సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు నాకు తోచినవి ఇవి. అన్నిటికీ జవాబు రాతలో తీసుకోండి.

- ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు? ఆ ఊరి రైతులతో మీరు లేకుండా ఫోనులో మాట్లాడవచ్చా?
- మొదటి చెల్లింపు ఏ ఏడాది? అది క్రెడిట్లు అమ్ముడయ్యాకా, లేక మొక్కలు బతికితే చాలా?
- క్రెడిట్ల కొనుగోలుదారు ఎవరు? అమ్మిన ధర మాకు చూపుతారా?
- సంస్థ మూతపడితే లేదా ప్రాజెక్టును మరొకరికి అమ్మేస్తే మా ఒప్పందం ఏమవుతుంది?

చివరి ప్రశ్నకు తడబడితే నేను లేచి వచ్చేస్తాను. ధర చెప్పలేమన్నా అంతే.

బలవంతం లేకుండా, పని మొదలుకాకముందే, అన్నీ తెలిశాక మాత్రమే సమ్మతి తీసుకోవాలన్నది ఆదివాసుల హక్కులపై 2007 నాటి ఐక్యరాజ్య సమితి ప్రకటనలో ఉన్న సూత్రం. మంచి ప్రమాణాలన్నీ దీన్ని అడుగుతాయి. మొదటి సమావేశం రోజే సంతకం అడగడం ఈ సూత్రానికి విరుద్ధం. ఆ ఒక్క కారణం చూపి గడువు అడగవచ్చు.

ఆరో మెట్టు: ఒప్పందం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. ఒకసారి ఒక ముసాయిదా చూశాను. రైతు చేయవలసినవి రెండున్నర పేజీలు, సంస్థ చేయవలసినవి అయిదు పంక్తులు. ఆ అయిదింటిలోనూ ‘వీలైనంతవరకు’ అన్న మాట రెండుసార్లు ఉంది. అలాంటి కాగితం చూడగానే ఏ మాట ఎవరి మీద బరువు వేస్తోందో వేలు పెట్టి వెతకాలి.

మొదట చూడవలసింది కాలం. ఒప్పందం ఎన్నేళ్లు, డబ్బు ఎన్నేళ్లు అన్నవి వేర్వేరుగా ఉంటాయి. యుగాండాలో 2003 నుంచి నడుస్తున్న ట్రీస్ ఫర్ గ్లోబల్ బెనిఫిట్స్ కార్యక్రమంలో చెల్లింపులు మొదటి పదేళ్లలో విడతలుగా ముగుస్తాయి. చెట్లు నిలపవలసిన కాలం మాత్రం అంతకంటే ఎక్కువ. ముందుగా డబ్బు ఇవ్వడం రైతుకు మేలే, ఎందుకంటే ఖర్చు ముందే ఉంది. కానీ పదకొండో ఏట పిల్లల చదువుకు కలప అమ్మాలనిపిస్తే ఒప్పందం అడ్డు పడుతుంది. అప్పటికి డబ్బు ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి మొదటి రోజే ఇంట్లో అందరికీ తెలియాలి.

తర్వాత మీరు వదులుకుంటున్న హక్కులు. ఎండు కట్టెలు ఏరుకోవచ్చా, పశువులను మేపవచ్చా, తేనె, మందు మొక్కలు తెచ్చుకోవచ్చా, ఎన్ని చెట్లను ఏ వయసులో కొట్టి తిరిగి నాటవచ్చు, ఇవన్నీ పేరు పేరునా రాయించండి. ‘అడవికి హాని కలిగించే పనులు చేయరాదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే, రేపు ఎండుపుల్ల విరిచినా హానేనని ఎవరైనా వాదించవచ్చు. ఇంకో విషయం: అందరి వంటచెరకూ అడవిలోంచే వస్తుంటే, ఇక్కడ ఆపిన నరికివేత పక్క అడవికి మళ్లుతుంది. లెక్కల భాషలో దీన్ని లీకేజీ అంటారు. దాని మేరకు క్రెడిట్లు కోస్తారు. కాబట్టి కట్టెల కోసం ప్రత్యేకంగా కొన్ని చెట్లు కేటాయించమని అడగడం మీ సౌకర్యానికే కాదు, ప్రాజెక్టు లెక్కకూ మంచిదే. బేరంలో ఈ మాట వాడండి.

అమ్ముతున్నది ఏమిటో చూడండి. ‘కార్బన్ మరియు ఇతర అన్ని పర్యావరణ ప్రయోజనాలు’ అని ఉంటే, రేపు జీవవైవిధ్యానికో నీటికో మరో మార్కెట్ పుడితే దాని సొమ్ము కూడా వాళ్లదే. ‘కార్బన్ మాత్రమే’ అని దిద్దించండి.

ధర సంగతి ఇంకా సున్నితం. వాటా శాతంలో ఉండాలా, స్థిరమైన మొత్తంలో ఉండాలా? శాతమైతే మార్కెట్ పెరిగితే మీరూ పెరుగుతారు, పడితే మీరూ పడతారు. స్థిరమైన మొత్తమైతే నిద్ర పడుతుంది కానీ ధర మూడింతలైనా మీకు అదే. నేనైతే ఒక కనీస మొత్తం పెట్టించి, దానిపైన వాటా అడుగుతాను. శాతం అమ్మకం మొత్తం మీదనే అని స్పష్టంగా ఉండాలి. ఖర్చులు పోగా అని పట్టుబడితే, ఏయే ఖర్చులు, గరిష్ఠంగా ఎంత శాతం అన్నది రాయించాలి. ప్రభుత్వ వాటా ఎవరి భాగంలోంచి తీస్తారో కూడా తేల్చండి. 2023లో జింబాబ్వే ప్రభుత్వం కార్బన్ ఆదాయంలో సగం తనదేనని ప్రకటించింది, తర్వాత ఆ నిబంధనను సవరించింది. అలాంటి మార్పు ఏ దేశంలోనైనా రావచ్చు. ముందుగా రాసుకోకపోతే కోత పడేది చివర నిలబడ్డ రైతు వాటాకే.

ఇక ప్రమాదాలు. పిడుగు పడి, కార్చిచ్చు వచ్చి, కరువుకు ఎండి చెట్లు పోతే అందుకే బఫర్ నిధి ఉంది. మీ నిర్లక్ష్యం లేని నష్టానికి మీరు తీసుకున్న సొమ్ము తిరిగి కట్టనక్కర్లేదని ఒప్పందంలో ఉండి తీరాలి. ఇది లేని కాగితం మీద ఎంత మంచి ధర రాసినా సంతకం పెట్టకండి.

భూమి అమ్మాలన్నా, తనఖా పెట్టాలన్నా, పిల్లలకు పంచాలన్నా ఏం జరుగుతుందో, మధ్యలో బయటికి రావాలంటే ఎంత కట్టాలో, తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలో చూడండి. దూరదేశపు కోర్టు పేరు ఉంటే దగ్గరి ఊరికి మార్పించండి. ఒప్పందం మీ భాషలో ఉండాలి. రెండు భాషల్లో ఉంటే తేడా వచ్చినప్పుడు మీ భాషలో ఉన్నదే చెల్లుతుందని రాయించాలి. దీనికి సంస్థలు తేలిగ్గా ఒప్పుకోవు, అయినా అడగండి.

ఏడో మెట్టు: కొలత, పుస్తకం

చేరాక మీ పని చెట్లు బతికించడం, బతికాయని చూపించడం. టేపు పట్టే మనిషి చేతిలోనే మీ ఆదాయం ఉంటుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చెట్టును 31గా కొలిస్తే బరువు లెక్క 6, 7 శాతం మారిపోతుంది. చుట్టుకొలతలో అది మూడు సెంటీమీటర్లు మాత్రమే. టేపు ఏటవాలుగా జారినా, కింద తీగ ఇరుక్కున్నా అంత తేడా వస్తుంది.

అందుకని 1.3 మీటర్ల పొడవున్న ఒక కర్ర కోసి పెట్టుకోండి. దాన్ని చెట్టుకు ఆనించి, పైకొస దగ్గర రంగుతో సన్నని గీత పెట్టండి. ఏటా ఆ గీత మీదే కొలవాలి. వాలు నేలలో ఎగువ వైపు నిలబడి కర్ర పెట్టాలి. గీత ఉండాల్సిన చోట బుడిపె ఉంటే కాస్త పైన, కాండం నున్నగా ఉన్నచోట కొలిచి, ఆ ఎత్తు రాసుకోవాలి. గీతకు కిందనే కాండం రెండుగా చీలితే రెండు చెట్లుగా లెక్క. తీగలను టేపు కిందినుంచి తప్పించాలి కానీ బెరడు గీకకూడదు.

పుస్తకంలో తేదీ, చెట్టు సంఖ్య, జాతి, చుట్టుకొలత, కొలిచినవారి పేరు రాయండి. చనిపోయిన చెట్టును కొట్టివేయకుండా పక్కన కారణం రాయండి. అన్నీ బతికాయని చెప్పే పుస్తకాన్ని తనిఖీదారు నమ్మడు. కొన్ని చచ్చిపోయాయని, ఎందుకో చెప్పే పుస్తకాన్ని నమ్ముతాడు.

ఎనిమిదో మెట్టు: తనిఖీ రోజు

తనిఖీదారులు ప్రతి కమతం చూడరు, నమూనాగా కొన్నిటిని ఎంచుకుంటారు. మీదే కావచ్చు. సరిహద్దు నడుస్తారు, కొన్ని చెట్లు తిరిగి కొలుస్తారు, డబ్బు అందిందా, ఒప్పందంలో ఏముందో తెలుసా అని అడుగుతారు. సంస్థ ప్రతినిధి పక్కన లేకుండా మాట్లాడాలని మీరు కోరవచ్చు. అందని సొమ్ము, నెరవేరని మాట ఏదైనా ఉంటే చెప్పవలసింది అప్పుడే. ఆ నివేదిక రిజిస్ట్రీలోకి వెళుతుంది, సంస్థకు దాన్ని పట్టించుకోక తప్పదు. తనిఖీ ఏటా ఉండకపోవచ్చు, కొన్ని ప్రాజెక్టుల్లో అయిదేళ్లకోసారే. అంటే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

తొమ్మిదో మెట్టు: డబ్బు పంపకం

తనిఖీ, జారీ, అమ్మకం, అప్పుడు మీ ఖాతా. చేరిన నాటినుంచి మొదటి సొమ్ముకు మూడు, నాలుగేళ్లు పట్టడం వింతేమీ కాదు. ఈ లోపు అప్పు చేసి నాటకండి. మొక్కలు, కంచె ఖర్చు సంస్థే పెట్టాలని అడగండి. అయితే అది తర్వాత మీ వాటాలోంచి కోసే అప్పా, కాదా అన్నది తెలుసుకోండి.

కుటుంబాలకు పంచే సొమ్ము నేరుగా ఖాతాల్లోకి వెళ్లాలి. సముదాయానికి వచ్చే సొమ్ము అయితే ఎంత కాపలాకు, ఎంత ఊరి పనులకు, ఎంత కుటుంబాలకు అన్నది డబ్బు రాకముందే సభలో తీర్మానించాలి. వచ్చాక కూర్చుంటే గొంతు పెద్దదిగా ఉన్నవారి మాటే చెల్లుతుంది. అడవిపై ఎక్కువ ఆధారపడేది తరచుగా భూమి లేనివారు. చెట్లు కొట్టడం ఆపితే ముందుగా నష్టపోయేదీ వాళ్లే. హెక్టార్ల లెక్కన పంచితే వాళ్లకు ఏమీ రాదు. వాళ్ల వాటా లేని పంపకం ఎక్కువ కాలం నిలవదు, అడవి కూడా అంతే. వచ్చిన మొత్తం, అమ్మిన ధర, పంచిన తీరు అందరికీ కనిపించే చోట గోడ మీద రాయించండి.

గాడి తప్పినప్పుడు

సముదాయం తప్పు లేకుండానే ప్రాజెక్టు ఆగిపోవచ్చు. బ్రెజిల్‌లో పైతెర్ సురుయి ఆదివాసుల ప్రాజెక్టు 2013లో క్రెడిట్లు అమ్మి పేరు తెచ్చుకుంది. వాళ్ల నేలలోకి అక్రమ మైనింగ్ చొరబడి అడవి పోవడంతో 2018లో ఆగిపోయింది. బయటివాళ్ల ముట్టడిని ఆపే బలం ప్రభుత్వానిదే. ఆ బలం రాదనిపించే చోట కాపాడే రకం ప్రాజెక్టులో చేరేముందు రెండుసార్లు ఆలోచించండి.

చెట్లు పోతే వెంటనే ఫోటో తీసి, తేదీతో రాతపూర్వకంగా తెలియజేయండి. సొమ్ము ఆలస్యమైతే ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి, జవాబు లేకపోతే ప్రమాణ సంస్థకు రాయండి. రైతు గుంపు కూడా వాటికి నేరుగా ఫిర్యాదు పంపవచ్చు. ప్రతి కాగితానికీ మూడు నకళ్లు మూడు ఇళ్లల్లో ఉండాలి.

షరతులు కుదరక సంతకం పెట్టకుండా వెనక్కి పంపిన ముసాయిదాకు కూడా ఒక నకలు దాచుకోండి. అదే సంస్థ ఏడాది తర్వాత కొత్త కాగితంతో వస్తే, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ పంక్తి మారిందో చూడటానికి పనికొస్తుంది.